రేసు లాయాల్లో పనిచేసిన తాతగారి ఆనవాళ్ళు ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇది. మీ తాతగారు 1950ల నుంచి బెంగళూరు, మద్రాసు రేసు గుర్రాల లాయాల్లో పనిచేశారు. ఇంట్లో మిగిలినవి ఒక నలుపు తెలుపు ఫొటో, ‘రాణి’ అనే గుర్రం పేరు, ‘తాతయ్య పెద్ద ట్రైనరట’ అన్న మాట. మీ పెద్దనాన్నగారు ఊటీలో, అత్తయ్యగారు మైసూరులో, నాన్నగారు బెంగళూరులో పుట్టారు. క్లబ్బులో విచారిస్తే ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఇక ఎక్కడ వెతకాలి, ఆ లాయాలు ఇప్పటికీ ఉన్నాయా అన్నది మీ ప్రశ్న.

మనిషిని వెతకడం ఆపి గుర్రాన్ని వెతకండి. రేసుల లోకంలో గుర్రానికి ఉన్నన్ని కాగితాలు దాన్ని సాకిన మనిషికి లేవు. తల్లి ఏది, తండ్రి ఏది, ఏ ఫారంలో పుట్టింది, ఏ తేదీన ఎంత బరువు మోసి పరుగెత్తింది, ఎన్నో స్థానంలో వచ్చింది, ఎవరి శిక్షణలో ఉంది, అన్నీ అచ్చులో ఉంటాయి. దాన్ని రోజూ తోమి, కడిగి, మేపిన సైసు పేరు మాత్రం ఉండదు. కాబట్టి గుర్రం నుంచి ట్రైనర్‌కు, ట్రైనర్ నుంచి లాయానికి, అక్కడి నుంచి మీ తాతగారికి రావాలి. దగ్గరి దారి లేదు.

మా నాన్నగారు బెంగళూరులో ఒక ట్రైనర్ దగ్గర జమేదారు, అంటే సైసులందరి మీద పెద్ద. నేను అదే లాయంలో పందేలకు గుర్రాల ఎంట్రీలు, జీతాల పద్దులు రాసే గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మాది చిత్తూరు వైపు కుటుంబం. లాయపు ఇళ్ళ వాళ్ళు పాత ఫొటోలు పట్టుకుని వస్తే చూసిపెట్టడం ఇప్పుడు నా కాలక్షేపం.

క్లబ్బులో పేరు దొరకకపోవడంలో వింతేమీ లేదు. సైసుకు కొలువిచ్చేది ట్రైనరు. జీతం ట్రైనరు పద్దులో ఉంటుంది. ఆయన లైసెన్సు వదులుకున్నా, కాలం చేసినా ఆ పద్దులు పాత కాగితాల కొట్టుకు పోతాయి. నేను రాసిన పద్దులే ఇప్పుడు ఎక్కడున్నాయో అడిగితే నా దగ్గర జవాబు లేదు. క్లబ్బు లైసెన్సు ఇచ్చేది ట్రైనర్లకూ జాకీలకూ. అందువల్ల మీ తాతగారు నిజంగా ట్రైనరైతే ఆయన పేరు ఆ కాలపు రేసు పుస్తకాల్లో, అంటే ఆ రోజు పందేలూ గుర్రాలూ అచ్చేసిన పుస్తకాల్లో, ప్రతి గుర్రం పక్కనా కనిపించి తీరాలి. కనిపించలేదంటే ఆయన ట్రైనర్ కారు. నొచ్చుకోకండి. నేను చూసిన చాలా ఇళ్ళలో తాతగారు ట్రైనరే. ఆరా తీస్తే జమేదారని తేలుతుంది, లేదా వేకువన గుర్రాన్ని పరుగెత్తించే రైడింగ్ బాయ్ అని తేలుతుంది. మనవళ్ళ ముఖాలు చిన్నబోతాయి. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ట్రైనర్ ఊళ్ళో లేని రోజున లాయం నడిచేది, జమేదారు లేని రోజున నడిచేది కాదు.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం చెబుతాను, ఎందుకంటే మీ ఫొటో చదవడానికి అది కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి లాయం లేచేది. నాన్నగారు టార్చిలైటు పట్టుకుని వరుసగా ప్రతి గుర్రం దగ్గరికీ వెళ్ళి ముందు దాణా తొట్టి చూసేవారు. రాత్రి వేసిన ఓట్లు మిగిలాయంటే గుర్రానికి ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టే. తర్వాత గొంతుక్కూర్చుని, ముందుకాలి మోకాలి కింద నుంచి గిట్ట దాకా నరాన్ని చేతి వెనుక వైపుతో నిమిరేవారు. అరచేయి పనితో కాయలు కట్టి ఉంటుంది, దానికి వేడి తెలియదు. వెనుక వైపు చర్మం పల్చన, కాస్త వెచ్చదనం తగిలినా పట్టేస్తుంది. తగిలిందా, ఆ రోజు ఆ గుర్రానికి పరుగు లేదు, నడకే. ట్రైనర్ కారు దిగేసరికి ఏది గ్యాలప్‌కు (జోరు పరుగు), ఏది కాంటర్‌కు (నెమ్మది పరుగు), ఏది ఇసుకలో నడకకు అన్న జాబితా నాన్నగారి నోట సిద్ధంగా ఉండేది. సాయంత్రం మళ్ళీ అదే తంతు. ప్రతి సైసూ తన గుర్రాన్ని ఖరారా అనే ఇనుప దువ్వెనతో తోమి, గుడ్డతో తుడిచి, వాకిట నిలబెట్టి ట్రైనర్ కోసం ఎదురుచూడాలి. ఉతికిన కాలి పట్టీలు తాళ్ళ మీద బారుగా వేలాడేవి. ఒక్కొక్క సైసుకు రెండు మూడు గుర్రాలు. లాయంలో ఎవరి మాతృభాష ఏదైనా గుర్రంతో మాట్లాడేది దక్కనీ ఉర్దూలోనే. మా నాన్నగారు ఇంట్లో చిత్తూరు తెలుగు, గుర్రంతో దక్కనీ, ట్రైనరుతో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు.

తిండి సంగతీ ఆనవాలే. ఉలవలు ఉడకబెట్టి పెట్టడం మా తాత కాలపు మాట. నాన్నగారి నాటికి ఓట్లు, గోధుమ తవుడు, లూసర్న్ గడ్డి, క్యారెట్లు వచ్చాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ‘మాష్’ అన్న మాట గుర్తుంటే, అంటే తవుడూ అవిసె గింజలూ వేడినీళ్ళలో నానబెట్టి పెట్టేది, వాళ్ళు లాయం పక్కనే పెరిగారన్నమాట. ఆ వాసన ఒకసారి తగిలితే మరుపు రాదు.

ముగ్గురు పిల్లలు మూడు ఊళ్ళలో పుట్టడమే మీ దగ్గరున్న మంచి ఆధారం. అదేదో దేశదిమ్మరి జీవితం అని మీరు రాశారు. కాదు, అది రేసుల క్యాలెండర్. ఆ రోజుల్లో దక్షిణాది గుర్రాలు రుతువుల వెంట తిరిగేవి. చలికాలమంతా మద్రాసు గిండీలో, ఎండలు ముదిరితే ఊటీకి, మే నుంచి బెంగళూరులో, వానలు పడ్డాక మైసూరులో, మళ్ళీ చలికాలానికి మద్రాసు. గుర్రాలతో పాటు సైసులు, వాళ్ళ వెంట కొందరి భార్యాపిల్లలు. రైల్లో గుర్రాల పెట్టె వేరే ఉండేది, సైసు అందులోనే గుర్రం పక్కన గడ్డి మీద పడుకుని ప్రయాణం చేసేవాడు. కాబట్టి ముగ్గురి పుట్టిన తేదీలు కనుక్కోండి. పెద్దనాన్నగారిది ఏప్రిల్, మే అయి, అత్తయ్యగారిది సెప్టెంబరు ప్రాంతమైతే మీ తాతగారు ఈ తిరుగుడు లాయాల్లోనే ఉన్నారని నేను కళ్ళు మూసుకుని చెబుతాను. ఆ సంవత్సరాల్లో ఆ ఊరికి గుర్రాలు తెచ్చిన ట్రైనర్లెవరో ఊటీ, మైసూరు పుస్తకాల్లో చూస్తే, రెండు చోట్లా ఉన్న పేర్లు కొన్నే తేలతాయి. మైసూరు రేసు క్లబ్బు 1891 నాటిది, ఆ మైదానం చాముండి కొండ కింద ఇప్పటికీ ఉంది.

ఇక ఫొటో. మీరు చెప్పినదాన్ని బట్టి అది గెలిచిన గుర్రాన్ని లోపలికి నడిపించుకు వచ్చేటప్పుడు తీసింది. కళ్ళెం ఒక వైపు ఓనరు పట్టుకుంటాడు, రెండో వైపు సైసు. పత్రికల్లో వేసేటప్పుడు సైసును కత్తిరించేవారు. అందుకే ఇంట్లో దాచుకున్న ఫొటోకు అంత విలువ. అందులో ఇవి చూడండి.

జీను కింద గుడ్డ మీద అంకె ఉంటుంది. అది ఆ రోజు రేసు పుస్తకంలో ఆ గుర్రం వరుస సంఖ్య. జాకీ చొక్కా ఓనరు పేరున నమోదైన రంగులది. నలుపు తెలుపులో రంగు తెలియదు గానీ గీతలా, చుక్కలా, నక్షత్రాలా, అడ్డపట్టీయా అన్నది తెలుస్తుంది. రేసు పుస్తకంలో ఆ రంగుల వర్ణన మాటల్లో ఉంటుంది. ఈ రెండూ కలిస్తే సాధారణంగా ఒకే గుర్రం మిగులుతుంది.

తర్వాత గుర్రం ఒంటి మీది గుర్తులు. నుదుటి చుక్క, ముక్కు మీది తెల్లచార, ఏ కాలికి ఎంత ఎత్తు వరకు తెలుపు ఉంది. మన పెద్దవాళ్ళు సుడులు చూసి గుర్రం యోగం చెప్పేవారు. గుర్రాన్ని గుర్తించే అధికారిక పత్రంలోనూ సుడులు రాస్తారు, అవి జీవితాంతం మారవు కాబట్టి. ఒక్క జాగ్రత్త: బూడిద రంగు గుర్రమైతే రంగు నమ్మవద్దు. చిన్నప్పుడు దాదాపు నల్లగా ఉన్నది వయసుతో తెల్లబడుతుంది. రెండు ఫొటోల్లో రెండు గుర్రాలనుకున్నవి ఒకటే అయిన సందర్భం నేను చూశాను. అనంతపురం వైపు నుంచి ఒకావిడ తెచ్చారు. తండ్రి రెండింటిలోనూ ఉన్నారు, ఒకదాంట్లో గుర్రం మబ్బు రంగు, రెండో దాంట్లో పాలతెలుపు. మెడ మీది సుడి చూసి తేల్చాం. రెండింటిలోనూ అదే మేక కూడా ఉంది. భయపడే గుర్రానికి తోడుగా లాయంలో మేకను కట్టేసే అలవాటు ఉండేది. మీ ఫొటో మూలన మేక తల కనిపిస్తే కత్తిరించకండి.

‘రాణి’ అన్నది అసలు పేరు కాకపోవచ్చు. కాగితాల్లో ఇంగ్లీషు పేర్లుంటాయి. లాయంలో వాటిని పలికే ఓపిక ఎవరికీ లేదు. రాజా, లాలు, ముత్యం, రాణి, ఇలా ముద్దుపేర్లే వాడుక. రాణి అంటే ఆడ గుర్రమని మాత్రం అనుకోవచ్చు, వెతకవలసినవి సగానికి తగ్గాయి. ఒకవేళ అసలు పేరు దొరికినా అక్కడ ఆగవద్దు. కొన్నేళ్ళు గడిచాక అదే పేరును ఇంకో గుర్రానికి పెట్టుకోవచ్చు. పుట్టిన సంవత్సరం, తల్లి పేరు కలిస్తేనే అది మీ గుర్రం. ఈ వంశావళి అంతా భారతీయ స్టడ్ బుక్ సంపుటాల్లో ఉంటుంది. దాన్ని చూసే కార్యాలయం పుణెలో ఉంది.

ఇంట్లో పాత లాడం ఏదైనా ఉందా? ఉంటే తూచి చూడండి. ఇనుప లాడం రోజువారీ సాధనకు వేసేది. పల్చటి అల్యూమినియం లాడమైతే రేసు కోసం వేసినది. లాడాలు కొట్టే నాల్‌బందు రేసు అయ్యాక దాన్ని పీకినప్పుడు గెలిచిన గుర్రానిదైతే సైసు అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. మా గుమ్మానికి అలాంటివి వరుసగా ఉండేవి, అమ్మ వాటి మీద ఆరేసిన బట్టలు వేలాడదీసేది.

రేసు పుస్తకమో, టికెట్టో, ఉత్తరమో దొరికి తేదీ లేకపోతే ఇలా అంచనా కట్టండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ కంటే ముందుది, నయా పైసలు వచ్చింది అప్పుడే. పందెం దూరం ఫర్లాంగుల్లో ఉంటే పాతది, మీటర్లలో ఉంటే తర్వాతిది. మద్రాసు రాష్ట్రం 1969 జనవరిలో తమిళనాడు అయింది, మైసూరు రాష్ట్రం 1973 నవంబరులో కర్ణాటక అయింది. ఫొటో వెనుక స్టూడియో ముద్రలో రాష్ట్రం పేరున్నా పనికొస్తుంది.

లాయాలు ఉన్నాయా అన్నారు. బెంగళూరు టర్ఫ్ క్లబ్బు 1920లో మొదలైంది. హైగ్రౌండ్స్‌లో మైదానం, దాని ఎదుట రోడ్డుకు అవతల 1887 నాటి వెస్ట్ ఎండ్ హోటలు, కాస్త దూరంలో 1876 నాటి గోల్ఫ్ క్లబ్బు. ఆ రోడ్డు పేరు ఇప్పుడు మారి నటుడు అంబరీశ్ పేరు పెట్టారు. ఆటోవాళ్ళకు ఇంకా రేస్‌కోర్సు రోడ్డే. మైదానం లోపలి లాయాల్లో ఇప్పటికీ గుర్రాలున్నాయి, పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. మీ తాతగారి కాలంలో వీటికి తోడు చుట్టుపక్కల బంగళాల వెనుక కట్టుకున్న ప్రైవేటు లాయాలు కూడా ఉండేవి. వేకువన అక్కడి నుంచి గుర్రాలు బారులు తీరి రోడ్డు మీద నడిచి మైదానానికి వచ్చేవి, పాలబండ్ల వాళ్ళు ఆగి దారి ఇచ్చేవారు. ఆ లాయాల్లో చాలావరకు అపార్టుమెంట్లయ్యాయి. కారు షెడ్డుగా మారి బతికిపోయినవి ఒకటీ అరా ఉండవచ్చు. గుర్తుపట్టడం తేలికే: తలుపు పైన సగం, కింద సగం విడివిడిగా తెరుచుకుంటుంది, గోడకు ఇనుప కడియం, నేల వెనుక వైపుకు వాలుగా ఉండి చివర సన్నటి కాలువ.

ఈ ఊరికీ గుర్రానికీ ఉన్న బంధం క్లబ్బు కంటే చాలా పాతది. పర్షియాలోని షిరాజ్ నుంచి అగా అలీ అస్కర్ అనే కుర్రవాడు 1824లో గుర్రాల మందతో ఇక్కడికి వచ్చాడు. మైసూరు రాజు మూడవ కృష్ణరాజ ఒడెయరు ఆయన దగ్గర గుర్రాలు కొన్నారు. గుర్రాలంటే ప్రాణం పెట్టే మైసూరు బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్‌తో స్నేహం కుదిరింది. గుర్రాల డబ్బుతో ఆయన ఊళ్ళో బంగళాలు కట్టించాడు. అలీ అస్కర్ రోడ్డు ఆయన పేరే. మైసూరు దివానుగా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ ఆయన మనవడు. రిచ్‌మండ్ టౌన్‌లో జాన్సన్ మార్కెట్ ఉన్న చోట ఆయన గుర్రాల లాయాలు ఉండేవని, ఆ చుట్టుపక్కలను అరబ్ లైన్స్ అనేవారని పాతవాళ్ళు చెబుతారు. అటు తుమకూరు జిల్లా కుణిగల్‌లో టిప్పు కాలం నాటి గుర్రాల ఫారం ఉంది, 1992లో దాన్ని ప్రైవేటు పెంపకందారులకు లీజుకిచ్చారు. మీ ‘రాణి’ అక్కడ పుట్టిందైనా నేను ఆశ్చర్యపోను.

బెంగళూరు లాయాల గొప్పతనం గురించి వినాలంటే ట్రైనర్ రషీద్ బైరామ్‌జీ పేరు ఎత్తి చూడండి. 19 పందాల్లో 18 గెలిచిన స్క్వాండరర్ అనే గుర్రం ఆయన చేతిలో తయారైంది. దాని సంగతి అడిగితే ముసలి సైసులు టీ చల్లారిపోతున్నా ఆపరు. అక్కడే మాటల్లో మీ తాతగారి పేరు వేయండి. కాగితం చెప్పనిది వాళ్ళు చెబుతారు. అయితే ఆదివారాలు, రేసు రోజులు వద్దు. మామూలు రోజున ఉదయం పని ముగిశాక, తొమ్మిది దాటాక గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకోండి.

మద్రాసు వైపు వెతుకులాట మాత్రం తొందరగా మొదలుపెట్టండి. అక్కడి క్లబ్బు 1896 నాటిది. 1974లో తమిళనాడు గుర్రప్పందేలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. కోర్టు స్టేతో పందేలు నడిచాయి గానీ భయంతో లాయం పని వదిలి బెంగళూరు, హైదరాబాదు చేరినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. మీ కుటుంబం 1975 ప్రాంతంలో ఊరు మారిందా అని కూడా చూడండి. చివరకు 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యానికి సంబంధించిన ఆట అని తీర్పు చెప్పింది. కానీ 2024 సెప్టెంబరులో ప్రభుత్వం గిండీలోని 160 ఎకరాల లీజు రద్దు చేసి మైదానానికి సీలు వేసింది. ఇలాంటప్పుడు ముందు చెదిరిపోయేవి మనుషులూ కాగితాలూ. బెంగళూరు లీజు గడువు కూడా 2009లోనే తీరింది, అప్పటి నుంచి తరలింపు మాట వినిపిస్తూనే ఉంది.

కాగితాల కోసం క్లబ్బుల చుట్టూ తిరగడం కంటే గ్రంథాలయాలు మేలు. పందెం జరిగిన మర్నాడు పత్రికల్లో ఫలితాలు వచ్చేవి, ట్రైనర్ పేరుతో సహా. మద్రాసుకు ‘ది హిందూ’, బెంగళూరుకు 1948 నుంచి ‘డెక్కన్ హెరాల్డ్’. పాత సంపుటాల కోసం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో, ఇక్కడ కబ్బన్ పార్కులోని ఎర్ర భవనంలో, అంటే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, అడగండి. ముందు పుట్టిన తేదీలను బట్టి ఏడాది, నెల తేల్చుకుని వెళ్ళండి. ఊరికే వెళ్ళి సంపుటాలు తిరగేస్తే దుమ్ము తప్ప ఏమీ చేతికి రాదు. తాతగారు మైసూరు రాజభవనపు గుర్రపుశాలలో కూడా పనిచేశారన్న మాట ఇంట్లో ఉంటే మైసూరు ఆర్కైవ్స్ వేరే దారి. అక్కడ నౌకర్ల జీతాల లెక్కల్లో మనుషుల పేర్లే దొరకవచ్చు, గుర్రం అక్కర్లేదు.

అత్తయ్యగారు బతికే ఉన్నారని రాశారు. గ్రంథాలయం కంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళండి. ‘తాతయ్య ఏం చేసేవారు’ అని అడగకండి, ట్రైనరనే చెబుతారు. గుర్రాలు పైఊరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో సామాను ఎలా కట్టేవారు, పండుగకు బట్టల డబ్బు ఎవరి ఇంటి నుంచి వచ్చేది, నాన్న ఎవరిని ‘దొర’ అనేవారు, ఏ గుర్రం చనిపోతే ఇంట్లో ఆ రోజు అన్నం వండలేదు, ఇవి అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మీ ట్రైనర్ పేరు. అది దొరికాక ఇక్కడ రాయండి, ఆ లాయం నేను ఎరిగినదైతే ఎవరిని కలవాలో చెబుతాను.